ముంపు ఊరి నుంచి గొడ్డూ గోదాతో తరలడం ఎలా?

ప్రాజెక్టు కింద ఊరు పోతుందని తేలినప్పటి నుంచి ఇంటింటా నడిచే లెక్కలన్నీ భూమి చుట్టూ, ఇంటి చుట్టూ, పరిహారం చుట్టూ తిరుగుతాయి. ఎకరాకు ఎంత వస్తుంది, ఇంటికి ఎంత కడతారు, పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లవాడిని వేరే కుటుంబంగా లెక్కిస్తారా లేదా అన్న చర్చ రచ్చబండ మీద పొద్దుపోయేదాకా సాగుతుంది. కొట్టంలో కట్టేసి ఉన్న పశువుల మాట మాత్రం సామాను లారీ వాకిట్లోకి వచ్చిన రోజున గాని ఎవరికీ గుర్తు రాదు. ఆ రోజున గుర్తు వస్తే మిగిలే దారి ఒక్కటే, అయినకాడికి అమ్ముకోవడం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఈ పరిస్థితి కొత్తది కాదు. పెన్న మీద సోమశిల, దాని నీటిని అందుకునే కండలేరు, మద్దిపాడు దగ్గర గుండ్లకమ్మ, ఇప్పుడు పడమటి వైపు వెలిగొండ, ఇలా ఒక్కో జలాశయం కొన్ని ఊళ్ళను లేపి పంపింది. వెలిగొండ ప్రాజెక్టులో సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలను కట్టలతో మూసి 43.5 టీఎంసీల నల్లమల సాగర్‌ను తలపెట్టారు. ఆ కొండ అంచు ఊళ్ళలో సెంటు భూమి లేని ఇంట్లో కూడా నాలుగు మేకలో, ఒక బర్రో ఉండడం మామూలు. భూమి లేనివాడికి పరిహారం లెక్కలో వచ్చేది తక్కువ కనుక, అతనికి నిజమైన ఆస్తి కొట్టంలో ఉన్నదే.

మా పెదనాన్నగారి కుటుంబం అలాంటి ముంపు ఊరి నుంచే వచ్చింది. 2 గేదెలు, ఒక జత ఎద్దులు, ముప్ఫైకి పైగా గొర్రెలు ఉన్న ఇల్లు అది. కదలవలసిన వారంలో అన్నిటినీ అమ్మేశారు. ఆ డబ్బు కొత్త ఇంటి తలుపులకు, కిటికీలకు సరిపోయింది. ఆ తరువాత పెదనాన్న తెల్లవారుజామున 4 గంటలకే అలవాటుగా లేచి, చేయడానికి పనేమీ లేక పునరావాస కాలనీ సిమెంటు రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవారు. పక్క వీధిలో ఒక కుటుంబం మాత్రం ఒక గేదెను, నాలుగు మేకలను అట్టిపెట్టుకుని మొదటి ఏడాదిని కూలి లేకుండా గట్టెక్కించింది. ఇక్కడ రాస్తున్నది చాలావరకు ఆ కుటుంబాన్ని, అలాంటి మరికొన్ని ఇళ్ళను చూసి తెలుసుకున్నదే. అందులో మొదటి సంగతి ఏమిటంటే, ఇల్లు మారే తేదీని పశువులను బట్టి పెట్టుకోవాలి, పశువుల గతిని ఇల్లు మారే తేదీకి వదిలేయకూడదు.

ముందుగా కాగితం మీదికి ఎక్కించాలి

2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టంలో పశువుల ప్రస్తావన చాలామంది అనుకునే దానికంటే ఎక్కువగానే ఉంది. ఆ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం పశువులున్న బాధిత కుటుంబానికి పాక కట్టుకోవడానికి ఒకేసారి ఇచ్చే సాయం 25,000 రూపాయలకు తగ్గకూడదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళే కుటుంబానికి తరలింపు ఖర్చు కింద 50,000 రూపాయలు, ఏడాది పాటు నెలకు 3,000 రూపాయల జీవనభృతి కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి. మూడో షెడ్యూలు కాలనీలో ఉండవలసిన సౌకర్యాలను చెబుతుంది. పశువులకు తాగునీరు, మేతభూమి, పశువైద్య కేంద్రం అందులో పేరు పెట్టి రాసి ఉన్నాయి. పాఠశాల, అంగన్‌వాడీ, శ్మశానం గురించి అధికారులను అడిగే పెద్దలు ఈ మూడింటిని అడగడం నేను అరుదుగానే విన్నాను.

అడగాలంటే లెక్క ఉండాలి. కుటుంబాల గణనకు సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు భూమి, ఇల్లు, చెట్లతో పాటు పశువుల సంఖ్యను, కొట్టాన్ని, నీటి తొట్టిని, గడ్డివామి స్థలాన్ని కూడా నమోదు చేయమని పట్టుబట్టాలి. వారి పత్రంలో అందుకు గడి లేకపోతే, అదే వివరాలను తెల్లకాగితం మీద రాసి, ఒక ప్రతిని ఇచ్చి, రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం, తేదీ తీసుకోవాలి. రాళ్ళతో కట్టిన కొట్టం, సిమెంటు తొట్టి భూమికి అంటుకుని ఉన్న ఆస్తులు కనుక వాటి విలువ వేరుగా కట్టవలసి ఉంటుంది. పాకకు ఇచ్చే సాయం దానితో సంబంధం లేని మరొక పద్దు. ఈ రెండింటినీ ఒకటిగా చూపి ఒకదాన్ని ఎగ్గొట్టే అవకాశం ఉంది కనుక జాగ్రత్తగా ఉండాలి. అన్నీ కలిపి ఒకేసారి చెల్లించే ప్యాకేజీకి ఒప్పుకుంటున్నప్పుడు పాక సొమ్ము అందులో కలిసిందా లేదా అన్నది రాతపూర్వకంగా తేల్చుకున్న తరువాతే సంతకం పెట్టాలి.

పశువు చెవికి 12 అంకెల ట్యాగు లేకపోతే అది ఫలానా ఇంటిదని చెప్పడానికి ఆధారం ఉండదు. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని పిలిపించి అన్నిటికీ ట్యాగులు వేయించి, ఒక్కొక్కదాని పక్కన యజమాని నిలబడి ఫోటో తీయించుకోవడం మంచిది. బీమాకు, దారిలో ఎవరైనా వాహనాన్ని ఆపినప్పుడు చూపడానికి, కొత్త ఊరిలో తప్పిపోయిన గొడ్డు ఎవరిదన్న తగాదా వచ్చినప్పుడు కూడా ఇదే పనికి వస్తుంది.

ముసాయిదా పునరావాస పథకం మీద బహిరంగ విచారణ జరుపుతారు. ఆ రోజున గట్టిగా మాట్లాడడం కంటే లెక్క చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది. పెద్ద గేదెకు రోజుకు దాదాపు 50 లీటర్ల నీరు, గొర్రెకు 5 లీటర్ల వరకు కావాలి. ఊరిలో 150 గేదెలు, 1,000 గొర్రెలు ఉన్నాయనుకుంటే రోజుకు 12,500 లీటర్లు అవుతుంది. మనుషుల కోసం కట్టిన ట్యాంకు నుంచి ఈ నీరు ఎలా వస్తుందో చెప్పమని ఇంజనీరును అడిగితే, జవాబు ఏదైనా అది సమావేశపు నమోదులోకి ఎక్కుతుంది. నీటిపారుదల ప్రాజెక్టులో ముంపుకు 6 నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని చట్టమే చెబుతోంది కనుక, అప్పుడు నమోదైన మాట తరువాత అడగడానికి ఆధారం అవుతుంది.

ఏవి వెంట రావాలి, ఏవి అమ్మాలి

అన్నిటినీ వెంట తీసుకుపోవాలని ఇక్కడ చెప్పడం లేదు. కాలనీలో ఇచ్చే స్థలం ఎంతో తెలిసిన తరువాత గజాల లెక్కన కూర్చుని ఆలోచించాలి. 5 సెంట్లంటే సుమారు 2,180 చదరపు అడుగులు. అందులో ఇల్లు, మరుగుదొడ్డి, వాకిలి పోగా మిగిలిన దానిలో గేదెకు కప్పు కింద 40 చదరపు అడుగులు, గొర్రెకు 10 చదరపు అడుగుల చొప్పున వేసుకుంటే ఎన్ని పడతాయో అర్థమవుతుంది. గడ్డివామికి, పేడదిబ్బకు వదలవలసిన స్థలాన్ని చాలామంది మరచిపోతారు. పేడదిబ్బ పక్కింటి గోడ వైపు పడితే, పాత ఊరిలో నలభై ఏళ్ళు కలిసి బతికిన ఇరుగుపొరుగు కొత్త కాలనీలో నెల తిరగకుండానే మాటలు మానేస్తారు.

నా అభిప్రాయంలో ప్రతి ఇల్లూ కనీసం ఒక పాడి పశువును నిలబెట్టుకోవాలి. పాలకేంద్రం నుంచి పక్షానికో పది రోజులకో వచ్చే డబ్బు ఇంటి ఆడవారి చేతికి వస్తుంది. పరిహారం సొమ్ము మాత్రం బ్యాంకు ఖాతాలో ఎక్కువగా మగవాడి పేరున పడుతుంది. పాడిని అమ్మి ఆ మొత్తాన్ని కూడా పరిహారంలో కలిపేస్తే, ఇంట్లో ఆమె అడగకుండా ఖర్చు పెట్టగల రూపాయి అంటూ ఉండదు. పాత ఊరిలో పాలు పోసిన కేంద్రం నుంచి సభ్యత్వ పుస్తకాన్ని, రావలసిన బాకీని ముందే తెచ్చుకుని, కాలనీకి దగ్గరలో పాలు తీసుకునే కేంద్రం ఎవరిదో, వెన్నశాతానికి ఎంత ధర కడుతున్నారో తెలుసుకుని రావాలి.

వెంట తీసుకుపోలేని వాటిలో మంచి ఈత మీద ఉన్నవాటిని అమ్మకుండా ముంపు లేని ఊరిలోని బంధువులకు పాలుకు, అంటే వాటా మీద మేపడానికి, ఇచ్చే పద్ధతి ఉంది. పుట్టిన పిల్లల్లో సగం మేపినవారికి, సగం యజమానికి అన్నది సాధారణ ఒప్పందం. తల్లి చనిపోతే నష్టం ఎవరిది, మగపిల్ల పుడితే ఎవరికి అన్న రెండు విషయాలను నలుగురి ముందు చెప్పుకుంటే తరువాత చిక్కులు రావు. అమ్మవలసిన వాటిని 6 నెలల ముందు నుంచి ఒకటి రెండుగా సంతకు తోలాలి. ఊరంతా ఒకే వారంలో అమ్మకానికి దిగితే బేరగాళ్ళు కొట్టం గుమ్మం దగ్గరికే వచ్చి, "ఎలాగూ నీళ్ళలో పోయేవే కదా, ఎంతకైనా ఇచ్చెయ్యండి" అంటారు. ఆ మాటకు జవాబు లేని స్థితి రాకుండా చూసుకోవడమే మన పని.

సేద్యపు ఎద్దుల విషయం కష్టమైనది. భూమి పోయిన ఇంట్లో ఎద్దులకు పని ఉండదు. ఒంగోలు గిత్తల జతను ప్రాణంగా చూసుకున్న రైతుకు ఈ మాట చెప్పడం సులభం కాదు. ఒంగోలు జాతి సముద్రం దాటి బ్రెజిల్ చేరి అక్కడ నెలోర్ అన్న పేరుతో దేశమంతా వ్యాపించింది, ముప్ఫై కిలోమీటర్లు తోలడం ఒక లెక్కా అని మా ఊరి పెద్దాయన ఒకరు వాదించేవారు. అక్కడ వాటికి అంతులేని మేతబీళ్ళు దొరికాయి, ఇక్కడ మనకు ఇచ్చేది ఐదు సెంట్లు. సేద్యం సాగుతున్న ఊరిలో చూసుకునే మనిషిని వెతికి, కొంత తక్కువ ధరకైనా జతను విడదీయకుండా ఇవ్వడం మేలని నాకు అనిపిస్తుంది.

ఊరి ఆబోతు సంగతి వేరుగా చెప్పాలి. దేవుడి పేరున వదిలిన ఆబోతుకు యజమాని ఉండడు, కనుక ఏ కుటుంబం జాబితాలోనూ అది ఎక్కదు. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుంది. గ్రామసభలోనే దాని బాధ్యతను ఇద్దరికి అప్పగించి, బండి కూలిని ఇంటింటి చందాగా వేసుకోవాలి.

కొత్త చోటును ముందే చూసి రావడం

కాలనీ చూడడానికి వెళ్ళే పెద్దలు ఇళ్ళ గోడలు తట్టి చూసి వస్తారు. వారితో పాటు పశువులు కాచే మనిషిని ఒకరిని తప్పక తీసుకువెళ్ళాలి. ఎండాకాలంలో ఏ కుంటలో నీరు నిలుస్తుంది, పోరంబోకు బీడులో ఏ గడ్డి మొలుస్తుంది, ఆ బీడును ఇప్పటికే ఏ ఊరి మంద మేస్తోంది, రోడ్డు దాటకుండా అక్కడికి తోలే డొంక ఉందా అన్నవి అతని కంటికి మాత్రమే కనబడతాయి. నేను చూసిన ఒక కాలనీలో పశువుల తొట్టిని ఎంతో బాగా కట్టి, దాని చుట్టూ మూడడుగుల ఎత్తున అరుగు వేశారు. ఏడాది పాటు ఒక్క గేదె కూడా దాని దగ్గరికి పోలేకపోయింది. చివరకు ఊరివాళ్ళే మట్టి పోసి ఏటవాలు చేసుకున్నారు.

పడమటి మండలాల్లో బోరు నీటికి ఫ్లోరైడు పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. కనిగిరి ప్రాంతంలో మనుషుల ఎముకలను వంచిన నీరే పశువుల పళ్ళను అరగదీసి, కాళ్ళను కుంటి చేస్తుంది. పళ్ళు అరిగిన గేదె మేత నమలలేక బక్కచిక్కిపోతుంది. ఏ జబ్బో తెలియక మందులకు ఖర్చు పెడుతూ ఉంటాము.

చనిపోయిన పశువును పూడ్చడానికి ఎక్కడ చోటు ఉందో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి. పాత ఊరిలో ఎవరూ అడగనవసరం లేని ప్రశ్న ఇది, కొత్త చోట మాత్రం మొదటి గొడవ తరచుగా దీని మీదే వస్తుంది.

కదలడానికి రోజు, దారి

మన ప్రాంతంలో సంక్రాంతి తరువాత నుంచి శివరాత్రి లోపు తరలడం పశువులకు అనుకూలం. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాను ముప్పు తగ్గుతాయి, ఎండలు ముదరవు, కంది, జొన్న కోతలు సాగుతూ పొట్టు, చొప్ప దొరుకుతాయి. గేదె సుమారు 310 రోజులు, ఆవు 280 రోజులు, గొర్రె 150 రోజులు మోస్తాయి కనుక ఏది ఎప్పుడు ఈనుతుందో ముందే లెక్క వేసుకుని, నెలలు నిండిన చూడి పశువును బండి ఎక్కించే పరిస్థితి రాకుండా చూడాలి. అవి ఈనిన తరువాత, దూడ నిలదొక్కుకున్నాక రెండో విడతలో తెచ్చుకోవచ్చు.

కదలడానికి కనీసం 3 వారాల ముందు టీకాలన్నీ పూర్తి కావాలి. పశువులకు గాలికుంటు, గొంతువాపు టీకాలు, గొర్రెలకు, మేకలకు పారుడు రోగం, చిటుకు రోగం టీకాలు, అన్నిటికీ నట్టల మందు వేయించాలి. టీకా వేసిన మరునాడే ప్రయాణం పెట్టుకుంటే అది పనిచేయడానికి వ్యవధి ఉండదు. పశువైద్యుడి నుంచి ఆరోగ్య ధ్రువపత్రాన్ని, తహసీల్దారు కార్యాలయం నుంచి ముంపు కుటుంబమన్న పత్రాన్ని వెంట ఉంచుకోవాలి. గొడ్లను బండిలో తీసుకుపోతుంటే దారిలో అనుమానించి ఆపేవారు ఈ రోజుల్లో ఎక్కువయ్యారు.

దూరం 15 కిలోమీటర్ల లోపు అయితే తోలుకుపోవడమే ఉత్తమం. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ఎక్కేలోపు నీడకు చేర్చి, చల్లబడిన తరువాత మళ్ళీ కదలాలి. మందకు అలవాటైన ముదురు గొడ్డును ముందు నడిపితే మిగిలినవి దాని వెంట వస్తాయి. దూరం ఎక్కువైతే లారీలో తప్పదు. పశువుల రవాణా నిబంధనల ప్రకారం సరుకుల లారీలో 6 పశువులకు మించకూడదు, వాటితో పాటు వేరే సరుకు ఎక్కించకూడదు, ఒక మనిషి తోడు ఉండాలి, తలలు ఇంజను వైపు ఉండేలా కట్టాలి. మంచాలు, బీరువాలు పైన వేసి కింద గేదెను కుక్కితే కుదుపుకు ఏదో ఒకటి మీద పడుతుంది. బండి అడుగున ఇసుక మీద వరిగడ్డి పరచాలి. ఎత్తుగా ఉన్న గట్టుకు బండిని వెనక్కి పెట్టి ఎక్కించాలి. దింపే చోట కూడా గట్టు ఉందో లేదో ముందే చూసుకోవాలి. బయలుదేరే ముందు నీరు పెట్టవచ్చు గాని కడుపు నిండా మేత పెట్టకూడదు. దూడను వేరే బండిలో పంపితే తల్లి దారిపొడవునా అరుస్తూ తాడు తెంచుకోవడానికి చూస్తుంది, అందుచేత తల్లి కంటికి కనబడే చోటే దూడను కట్టాలి.

గడ్డిని పశువుల కంటే ముందే చేర్చాలి. గేదెకు రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుమేత చొప్పున రెండు గేదెలకు 3 నెలలకు ఒక టన్ను పైచిలుకు అవుతుంది. చివరి పంట కోసిన పొలం నుంచి వామిని అమ్ముకోకుండా ట్రాక్టరు మీద కొత్త చోటికి తోలితే, కాలనీలో మొదటి వానలు పడేదాకా మేత కొనవలసిన పని ఉండదు.

మొదటి నెల

పాత మేతను కొత్త మేతలో కలుపుతూ పది పన్నెండు రోజుల పాటు నెమ్మదిగా మార్చాలి. ఒక్కసారిగా మారిస్తే కడుపుబ్బరం, పారుడు పట్టుకుంటాయి. చుట్టుపక్కల జొన్న కోసిన చేలలో మోళ్ళ నుంచి వచ్చే లేత పిలకల్లో విషం ఉంటుంది. ఆకలిగా ఉన్న పశువు వాటిని మేస్తే నాము తగిలి కొద్దిసేపటికే పడిపోతుంది. మన ఊరి చేలు ఎక్కడ ఎలా ఉంటాయో మనకు తెలుసు, కొత్త ఊరి చేలు తెలియవు. ఒంగోలు వైపు కాలనీల చుట్టూ సుబాబులు తోటలు ఎక్కువగా ఉంటాయి. ఆ ఆకును మేకలు ఇష్టంగా తింటాయి, కాని పచ్చిమేతలో మూడో వంతుకు మించి అదే పెడితే వెంట్రుకలు రాలి నీరసిస్తాయి.

ఆతిథ్యం ఇచ్చే ఊరి పశువులతో మన పశువులను 3 వారాల దాకా ఒకే తొట్టి దగ్గర కలపకూడదు. మన వాటి వల్ల రోగం వచ్చిందన్న మాట ఒకసారి పుడితే అది ఏళ్ళ తరబడి పోదు. ఆ మూడు వారాలు గొడ్లను కట్టేసే ఉంచడానికి ఇంకో కారణం కూడా ఉంది. విప్పగానే అవి పాత ఊరి దారి పడతాయి. పెదనాన్నగారి పక్కింటివారి గేదె నాలుగో రోజున తాడు తెంచుకుని, రెండు ఊళ్ళు దాటి, కప్పు విప్పేసిన తన పాత కొట్టంలో గుంజ పక్కన పడుకుని కనిపించింది. పాత గుంజను, పాత గంటను, వీలైతే పాత తొట్టిని వెంట తెచ్చుకోండి. పాలు తీసే మనిషి, తీసే వేళ, తీసే పాత్ర మారకుండా చూస్తే పాలు తగ్గినా పక్షం రోజుల్లో మళ్ళీ దారికి వస్తాయి. చెరువులో దొర్లడానికి అలవాటు పడిన గేదెకు కాలనీలో ఆ వీలు ఉండదు కనుక ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు ఒంటి మీద నీరు చల్లాలి. అత్యవసరంలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. కాలనీకి వాడుకలో ఉన్న పేరు ఏమిటో, ఏ రోడ్డున రావాలో చెప్పగలిగేలా ముందే అనుకుని ఉండాలి. కొత్త కాలనీ పేరు చెబితే డ్రైవరుకు తెలియకపోవచ్చు.

మందలున్నవారికి

గొర్రెల కాపరికి పైన చెప్పిన స్థలాల లెక్క చాలదు. జోడిపి, పల్ల, దొర ఏ రకమైనా నెల్లూరు గొర్రె పొడుగు కాళ్ళతో నడిచి మేసే జీవం, దొడ్డిలో పెట్టి గడ్డి వేస్తే పెరిగేది కాదు. కొండ అంచు మేత పోయిన తరువాత ఏ చేల మీదుగా, ఏ నెలలో, ఎక్కడికి తోలాలన్నది కొత్తగా కుదుర్చుకోవాలి. ఇందులో కాపరి చేతిలో ఒక బలం ఉంది. గొర్రెల ఎరువు కావాలనుకునే రైతు కోతలైన చేనులో మంద కట్టించుకుంటాడు, అంటే రాత్రిళ్ళు గొర్రెలను తన చేనులోనే పడుకోబెట్టించుకుంటాడు. కాబట్టి తరలడానికి ముందే కాలనీ చుట్టూ ఉన్న నాలుగైదు ఊళ్ళ రైతులను కలిసి, మొదటి ఏడాది డబ్బు అడగకుండా మంద కడతామని చెబితే మేతకు దారి దొరుకుతుంది. మేత కోసం బతిమాలుకునే మనిషిగా పోవడానికి, ఎరువు ఇచ్చే మనిషిగా పోవడానికి చాలా తేడా ఉంది. రెండో ఏట నుంచి మామూలు రేటు అడగవచ్చు.

కాలనీలోని చిన్న చిన్న మందలను కలిపి ఇద్దరు కాపరులకు జీతం ఇచ్చి తోలించడం వల్ల పంటల మీద పడే తగాదాలు తగ్గుతాయి. ఒక్కసారి మన మేకలు ఎవరి మిరప చేనులోనో పడి బందెలదొడ్డికి వెళ్ళాయంటే, కట్టే జరిమానా కంటే పోయే మర్యాద ఎక్కువ.

ముసలివారు, కోళ్ళు

కాలనీకి వచ్చిన తరువాత వయసు మళ్ళినవారు త్వరగా కుంగిపోవడం చాలా ఇళ్ళలో చూశాము. పొలం లేదు, రచ్చబండ లేదు, పలకరించే దారిన పోయే మనిషి లేడు. వారికి మాటలతో ధైర్యం చెప్పడం కంటే రెండు మేకపిల్లలను అప్పజెప్పడం ఎక్కువ పనిచేస్తుంది. పొద్దున్నే విప్పాలి, ఆకు కోయాలి, సాయంత్రానికి కట్టేయాలి, మధ్యలో పక్క వీధికి పోయి ఏ చెట్టు ఎవరిదో అడగాలి. ఆ అడగడంలోనే కొత్త మనుషుల పరిచయం కలుగుతుంది. పెదనాన్నకు రెండో ఏట మా అన్నయ్య ఒక పెయ్యదూడను తెచ్చి ఇచ్చాడు, రోడ్డు మీద ఆ నడక ఆగింది.

నాటుకోళ్ళకు పెట్టుబడి లేదు, స్థలం అక్కరలేదు. రాత్రి అవి గూటికి చేరిన తరువాత గంపల కింద పట్టి తరలించి, మూడు నాలుగు రోజులు కొత్త గూటిలోనే మేత పెట్టి ఉంచితే, విప్పిన సాయంత్రం అక్కడికే వస్తాయి. కొక్కెర తెగులు టీకా వేయించకపోతే కోళ్ళ గుంపు మొత్తం ఒకే వారంలో పోవచ్చు.

తుఫానుకు ఇల్లు విడిచినప్పుడు

సముద్రం ఒడ్డు ఊళ్ళవారు, పెన్న లంకల వారు ఇల్లు వదిలేది కొద్ది రోజులకే అయినా వారికి దొరికే వ్యవధి కొన్ని గంటలే. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్న పొంగినప్పుడు కోవూరు వైపు జాతీయ రహదారే తెగింది. అలాంటి రాత్రి పశువులను వెంట తీసుకుపోలేకపోతే చేయవలసిన పని ఒక్కటే, పలుపులు విప్పి, కొట్టం తలుపు తెరిచి వదలాలి. గేదె ఈదగలదు, గొడ్డు మిట్టను వెతుక్కోగలదు, గుంజకు కట్టేసి ఉన్నది మాత్రం నిలబడిన చోటే మునుగుతుంది. చనిపోయిన పశువును పూడ్చే ముందు చెవి ట్యాగు కనబడేలా ఫోటో తీసి, పశువైద్యుడికి చూపాలి. 2022–26 కాలానికి కేంద్రం నిర్దేశించిన విపత్తు సహాయంలో పాడి గేదెకు లేదా ఆవుకు 37,500 రూపాయలు, గొర్రెకు లేదా మేకకు 4,000 రూపాయలు ఉన్నాయి. ఆధారం లేకుండా పూడ్చినదానికి ఏమీ రాదు.

చివరి ట్రిప్పు

ఊరు ఖాళీ అయిన తరువాత అక్కడ మిగిలేవి కుక్కలు, పిల్లులు. ఊరకుక్కకు నాలుగు ఇళ్ళ అన్నం ఉంటుంది గనుక ఏ ఇంటివారూ దాన్ని తమదనుకోరు, అందరూ పోయాక అది నాలుగు వాకిళ్ళలోనూ తిరుగుతూ ఉంటుంది. సామాను చేరవేసిన వారం పదిరోజుల్లో ఒకసారి మళ్ళీ వెళ్ళి రావడం అవసరం. అలవాటైన మనిషే వెళ్ళాలి, వెంట అన్నం, మెత్తటి తాడు, మూత ఉన్న గంప తీసుకువెళ్ళాలి. కుక్క మనిషి పిలుపుకు బండి ఎక్కుతుంది. పిల్లి ఇంటినే పట్టుకుని ఉంటుంది కనుక దాన్ని గంపలో పెట్టి తెచ్చి, కొత్త ఇంట్లో రెండు వారాలు తలుపులు మూసి ఉంచాలి. తెచ్చిన కుక్కలన్నిటికీ కాలనీలో వదలక ముందే రేబిస్ టీకా వేయించాలి. కొత్త వీధి కుక్కలతో మొదటి వారం కాట్లాట తప్పదు, ఆ గొడవలో పిల్లలను ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. జలాశయంలోకి నీరు వదిలే తేదీని తెలుసుకుని, దానికి ముందే ఈ ట్రిప్పు పూర్తి చేయాలి. నీరు ఎక్కడం మొదలైతే ఊరికి పోయే డొంకలే ముందు మునుగుతాయి.